ముక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి?

తెలుగు గోడపత్రికలో వీడియో గేమ్ గోల ఏమిటి అని అడగకండి. గేమ్ కూడా ఒక కథే కదా. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరికోసం చెబుతున్నారు అని క్లాసులో మనం అడిగే ప్రశ్నే దీన్నీ అడుగుదాం.

1992లో జపాన్‌లో 'రెజిల్ ఏంజెల్స్' అని ఒక కంప్యూటర్ గేమ్ వచ్చింది. ఆడవాళ్ళ ప్రొఫెషనల్ కుస్తీని అందులో పేకాటలా మార్చారు. బటన్లు టపటపా నొక్కితే గెలవరు. చేతిలో ఉన్న ముక్కల్లో ఏది ఇప్పుడు వేయాలి, ఏది దాచుకోవాలి అని ఆలోచించాలి. 1994లో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన 'సూపర్ రెజిల్ ఏంజెల్స్'లోనైతే ఆడేవాళ్ళు ఏకంగా ఒక కుస్తీ సంస్థనే నడపాలి.

ఇందులో మెచ్చుకోవలసింది ఉంది. ఆ రోజుల్లో చాలా గేముల్లో ఆడపిల్లకి ఒకటే పని: ఎవరో ఎత్తుకుపోతే హీరో వచ్చేదాకా ఎదురుచూడటం. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో రాకుమారి చేసేది అదే. ఇక్కడ మాత్రం గెలిచేదీ అమ్మాయే, ఓడేదీ అమ్మాయే.

కానీ తొలి కంప్యూటర్ గేములో ఓడిన అమ్మాయి బట్టలు ఊడదీసే ఏర్పాటు కూడా పెట్టారు. అది ఎవరి కళ్ళకోసం? 1980లలో జపాన్‌లో ఆడవాళ్ళ కుస్తీని నెత్తిన పెట్టుకున్నది స్కూలుకెళ్ళే అమ్మాయిలే. చిగుసా నగాయో, లయనెస్ అసుకా 'క్రష్ గాల్స్' జంటగా బరిలోకి దిగితే హాలంతా అమ్మాయిల కేకలే. వాళ్ళు అభిమానంతో పెంచిన ఆటని పట్టుకెళ్ళి మగవాళ్ళ సరదాకి బొమ్మ చేశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అసలు కుస్తీ లోకం మాత్రం అంత చక్కగా ఉందా అంటే, లేదు. వాళ్ళ సంస్థలో పాతికేళ్ళు వచ్చేసరికి తప్పుకోవాలనే ఆనవాయితీ ఉండేది. నగాయో 1989లో, 24 ఏళ్ళకే రిటైరయ్యారు. అయితే అక్కడితో ఆగలేదు. మళ్ళీ బరిలోకి వచ్చి, 'గాయా జపాన్' అనే సొంత సంస్థ పెట్టి, కొత్త అమ్మాయిలకి కుస్తీ నేర్పారు. గేములో ఆడేవాళ్ళు ఉత్తుత్తిగా చేసే పనిని ఆవిడ నిజంగా చేసి చూపించారు.

కాబట్టి ఇలాంటి గేములు ముట్టుకోవద్దని నేను అనను. ఆడండి, కానీ అడుగుతూ ఆడండి. వైకుంఠపాళిలో ఏ గడిలో పాము ఉండాలో పటం గీసినవాళ్ళు నిర్ణయిస్తారు, గవ్వలు వేసేవాళ్ళు కాదు. మన కాలేజీలో కంప్యూటర్ సైన్స్ అమ్మాయిలు ప్రోగ్రామ్ రాయగలరు. కథ, పాత్రలు, మాటలు మనం రాయగలం. మధ్యలో ఉన్నది ఒక్క వరండానే. ఎవరైనా వెళ్ళి అడుగుతారా?