కాంక్రీటు గోడకు ఒక పొర వేయించండి
(పురపాలక శాఖ మంత్రికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి శ్రీ పొంగూరు నారాయణ గారికి,



మీ శాఖ పట్టణ పేదలకు కట్టే టిడ్కో ఇళ్ల గురించి మీకు వచ్చే అర్జీల్లో తాళాలు ఎప్పుడిస్తారు, బ్యాంకు వాయిదాలు ఎవరు కట్టాలి, కొళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయి అన్నవే ఎక్కువగా ఉంటాయి. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. నేను అడగబోయేది గోడ గురించి. ఇంకా పూర్తికావలసిన బ్లాకుల బయటి గోడలకూ, పై స్లాబుకూ వేడిని ఆపే పొర ఒకటి వేయించండి. ఇకమీదట పిలిచే ప్రతి టెండరులో దాన్ని షరతుగా రాయించండి. మీరు మొదటిసారి ఈ శాఖ చూసిన రోజుల్లోనే ఈ ఇళ్లు మొదలయ్యాయి కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను.

ఈ ఇళ్లు కట్టే షియర్ వాల్ పద్ధతి మీద నాకు ఫిర్యాదు లేదు. అలాంటి సైట్లలో పనిచేసిన ఇంజనీరును నేను. కడ్డీ కట్టి, అల్యూమినియం అచ్చులు బిగించి, గోడనూ స్లాబునూ ఒకే పోతలో పోస్తే ఇటుక మీద ఇటుక పేర్చే పని కన్నా ఎంత త్వరగా అంతస్తు లేస్తుందో నాకు తెలుసు. గుడివాడ మల్లాయపాలెంలో ఒక్కచోటే 8,912 ఇళ్లు లేచాయి. 2014లో హుద్‌హుద్ తుపానును చూసిన ఉత్తరాంధ్రకు కాంక్రీటు గోడ బలం ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ బలంలో మొదటి వరసలో నిలిచే ఆ గోడ వేడిని ఆపడంలో చిట్టచివర నిలుస్తుంది. గోడ గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పడానికి ఇంజనీర్లు వాడే లెక్క యూ-వాల్యూ. అంకె ఎంత పెద్దదైతే ఇంట్లో అంత సెగ. ఆరంగుళాల వట్టి కాంక్రీటు గోడకు అది దాదాపు 3.8. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు 2కు అటూ ఇటూ. గాలి బుడగలున్న తేలిక కాంక్రీటుతో చేసే ఏఏసీ బ్లాకుల ఎనిమిదంగుళాల గోడకు 0.8 దగ్గర. అదే ఆరంగుళాల కాంక్రీటు గోడకు రెండంగుళాల థర్మాకోల్ పొర తొడిగితే 0.6కు దిగిపోతుంది. ఒక గది పడమటి గోడ పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉందనుకోండి. ఆ గోడ బయటికీ గది లోపలికీ పది డిగ్రీల తేడా ఉంటే చాలు, వట్టి కాంక్రీటు 300 వాట్లకు పైగా వేడిని లోపలికి పంపిస్తుంది. ఎండాకాలం ఆ ఇంట్లో వంద వాట్ల బల్బులు మూడు ఎవరో వెలిగించి ఆర్పకుండా వెళ్లిపోయినట్టే. పొర వేసిన గోడ పంపేది 50 వాట్లు.

మా పిన్ని ఇలాంటి గోడల మధ్యే ఉంటుంది. ఒక ప్రైవేటు బిల్డరు ఇదే పద్ధతిలో కట్టిన అపార్టుమెంటు, పై అంతస్తు, పడమటి వైపు పడకగది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఆ గది గోడ మీద అరచెయ్యి ఆనిస్తే సెగ తెలుస్తుంది. మంచాన్ని గోడకు జానెడు దూరం జరుపుకుంది. బీరువా తెరిస్తే మడతపెట్టిన చీరలు కూడా వెచ్చగా తగులుతాయి. ఫ్యాను వేస్తే స్లాబు కింద పేరుకున్న వేడి గాలే ముఖాన కొడుతుంది. "పగలు ఎలాగో నెట్టేస్తానురా, రాత్రే ఈ గోడ పడుకోనివ్వదు" అంటుంది. వీధిలో గాలి చల్లబడ్డాక కూడా ఆవిడ మెట్ల దగ్గర చాప వేసుకుని నడుం వాలుస్తుంది.

దీనికి కారణం తేలికే. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల ఎండను పడమటి గోడ పీల్చుకుంటుంది. ఆరంగుళాల కాంక్రీటు దాటి ఆ వేడి లోపలి ముఖానికి చేరడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంటే సరిగ్గా మనుషులు పనుల నుంచి ఇంటికొచ్చి పడుకునే వేళకు గోడ వేడి కక్కడం మొదలుపెడుతుంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. పగలంతా ఎండలో పనిచేసిన ఒళ్లు రాత్రి తేరుకోవాలి. ఆ తేరుకునే చోటు ఇల్లే. కూలికి వెళ్లే మనిషికి రాత్రి నిద్ర పట్టని ఇల్లు ఇచ్చి, మర్నాడు మళ్లీ ఎండలోకి పంపడం నాకు బాధగా ఉంటుంది.

రాయలసీమ మట్టి మిద్దెల్లోనూ, కోస్తా పెంకుటిళ్లలోనూ మన పెద్దలు మందపు గోడలతో, వసారా చూరు నీడతో ఇంటిని చల్లగా ఉంచారు. టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులవి. మూరెడు మందం గోడకు అక్కడ చోటెక్కడిది? అందుకే ఇన్సులేషన్ కావాలి. రెండంగుళాల థర్మాకోల్ ఆపే వేడిని ఒక్క కాంక్రీటుతోనే ఆపాలంటే గోడ ఏడడుగుల మందం ఉండాలి.

పొర ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. గోడకు బయటి వైపే వేయాలి. అప్పుడు ఎండ వేడి కాంక్రీటు దాకా రాదు. రాత్రి కిటికీలు తెరిచినప్పుడు వచ్చే చల్లదనాన్ని కాంక్రీటు తనలో దాచుకుని పగలు గదికి ఇస్తుంది. లోపలి వైపు వేస్తే ఈ లాభం పోతుంది, చిన్న గది ఇంకా చిన్నదవుతుంది, మేకు కొట్టినచోటల్లా పొర చిరుగుతుంది. ఇప్పటికే పోత పూర్తయిన బ్లాకులకు గోడ బయట థర్మాకోల్ పలకలు అతికించి, మరలు బిగించి, జాలీ కప్పి ప్లాస్టరింగ్ చేయవచ్చు. కొత్తగా కట్టేవాటికి ఇంకో దారి ఉంది. థర్మాకోల్ దిమ్మెలనే సెంట్రింగ్‌గా నిలబెట్టి, మధ్యలో కడ్డీ కట్టి కాంక్రీటు పోసి, ఆ దిమ్మెలను విప్పకుండా అలాగే ఉంచేస్తారు. లోపలి వైపూ పొర ఉంటుంది కాబట్టి చల్లదనం దాచుకునే లాభం ఇందులో తగ్గుతుంది, కానీ బయటి ఎండ ఆగుతుంది. 1960లలో కెనడాలో పేటెంటు తీసుకున్న ఈ పద్ధతి అమెరికా, కెనడాల్లో ఇళ్లకు వాడుకలో ఉంది. అక్కడ చలిని బయట ఉంచడానికి వాడే గోడ ఇక్కడ ఎండను బయట ఉంచుతుంది. మన దేశంలోనూ కొత్త పద్ధతుల్లో ఇళ్లు కట్టేందుకు 2021 జనవరి 1న శంకుస్థాపన చేసిన ఆరు లైట్ హౌస్ ప్రాజెక్టుల్లో ఇండోర్‌లోని 1,024 ఇళ్లకు, మధ్యలో వేడిని ఆపే పదార్థం ఉండే శాండ్‌విచ్ ప్యానెల్ గోడలు ఎంచుకున్నారు. కొత్త పద్ధతి అంటే భయపడే రోజులు పోయాయి.

నన్నడిగితే, డబ్బు తక్కువగా ఉంటే ముందు పై స్లాబు, ఆ తరువాత పడమటి గోడలు, ఆ తరువాత తూర్పు గోడలు. ఉత్తరం గోడ ఆగవచ్చు. స్లాబు మీద పొర వేసి, పైన తెల్లటి టైలు ముక్కలు పరిస్తే ఎండ చాలావరకు అక్కడి నుంచే వెనక్కి పోతుంది.

జాగ్రత్తలు చెప్పకుండా పొర మాత్రం అడగడం నాకు ఇష్టం లేదు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు బయట తొడిగిన మండే పలకల వల్ల మంట భవనమంతా ఎగబాకి 72 మంది చనిపోయారు. థర్మాకోల్ మండే వస్తువు. మంటను అంత తేలిగ్గా అందుకోని రకమే కొనాలి, ప్రతి అంగుళం సిమెంటు ప్లాస్టరింగ్ కింద కప్పాలి, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య మండని పదార్థంతో అడ్డుకట్ట వేయాలి. వీటిలో దేన్నీ కాంట్రాక్టరు ఇష్టానికి వదలకూడదు. రెండో సంగతి కిటికీ. గోడకు పొర వేసి, కిటికీకి సన్‌షేడ్ వేయకపోతే ఆ కిటికీలోంచి వచ్చిన వేడి బయటికి పోయే దారి లేక లోపలే తిరుగుతుంది. కోస్తాలో ఉక్కపోత వేరు. అక్కడ గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పోవాలి. నీళ్ల కూలర్ ఆ తేమలో పెద్దగా పనిచేయదు కాబట్టి జనం చివరికి అప్పుచేసి ఏసీ కొంటారు.

ఈ లెక్కలన్నీ కేంద్రం ఎప్పుడో పుస్తకంలో పెట్టింది. 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాస భవనాల కోసం రాసింది. గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదంటుంది. పైకప్పు యూ-వాల్యూ 1.2 దాటకూడదంటుంది. మామూలు స్లాబుది అంతకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది. ఉక్కపోత ప్రాంతాల్లో ఇంటి నేల వైశాల్యంలో ఆరో వంతు మేరకు తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలంటుంది. టిడ్కో లేఅవుట్లు ఎకరాల లెక్కన ఉన్నవి. సంహిత ఎవరి కోసమో రాసిందని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఖర్చు పెరుగుతుందని మీ ఇంజనీర్లు చెబుతారు. పెరుగుతుంది, నిజమే. పొర మానేస్తే ఆ ఖర్చు మాయం కాదు, ప్రభుత్వం పద్దులోంచి లబ్ధిదారు కరెంటు బిల్లులోకి మారుతుంది. టన్నున్నర ఏసీ రాత్రి ఆరు గంటలు తిరిగితే ఆరేడు యూనిట్లు కాలుతుంది. నెలకు దాదాపు రెండు వందల యూనిట్లు. దాంతో కరెంటు ధరల స్లాబు మారి, అంతకు ముందు వాడే యూనిట్లకన్నా ఎక్కువ ధరకు ఆ యూనిట్లు పడతాయి. ఒక్కసారి పెట్టే ఖర్చు తప్పించుకుని, ఇల్లున్నన్నాళ్లూ ప్రతి వేసవిలో పేదవాళ్లతో కట్టించడం సరైన పొదుపు కాదు.

ఒకేసారి అన్ని బ్లాకులకూ కుదరదంటే మీ నెల్లూరులోనే మొదలుపెట్టండి. ఒకే లేఅవుట్‌లో, ఒకే దిక్కుకు తిరిగిన రెండు బ్లాకులు తీసుకోండి. ఒకదానికి పొర, నీడ, స్లాబు పని చేయించండి. రెండోదాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదలండి. రెండింటిలోనూ పై అంతస్తు పడమటి గదుల్లో థర్మామీటర్లు పెట్టి, ఏప్రిల్ మొదలు రోహిణి కార్తె దాటేవరకు రాత్రి తొమ్మిదింటి, తెల్లవారుజామున నాలుగింటి ఉష్ణోగ్రతలు రోజూ రాయించండి. ఆ కొలతల పని ఏదైనా ఇంజనీరింగ్ కళాశాలకు అప్పగించండి. వచ్చిన అంకెలూ, అయిన ఖర్చూ జనానికి వెల్లడించండి. తరువాతి టెండరు నోటీసులో గోడ యూ-వాల్యూ ఎంత ఉండాలో ఆ అంకెలను చూసే నిర్ణయించండి.

ఇట్లు,
మీ శాఖ కట్టే ఇళ్ల మీద శ్రద్ధ ఉన్న ఒక సివిల్ ఇంజనీరు,
విజయవాడ.