స్మార్ట్‌ఫోను అవసరమా? కాదు, అవసరం చేశాం!

"స్మార్ట్‌ఫోను లేకుండా బతకలేమా?" అన్న చర్చ మన ఆఫీసు క్యాంటీన్లలో నెలకోసారైనా నడుస్తుంది. ఓ పక్షం వాళ్ళు "అబ్బే, అదంతా అలవాటు, మా తాతలు బతకలేదా?" అంటారు. (ఈ మాట అనేటప్పుడు కూడా చేతిలో ఫోను ఉంటుంది, అది వేరే సంగతి.) రెండో పక్షం వాళ్ళు "కాలం మారింది బాస్, ఫోను లేకపోతే కాలూ చెయ్యీ ఆడదు" అంటారు. టీ చల్లారేలోపు చర్చ ముగుస్తుంది, ఎవరి సీట్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు.

నన్నడిగితే రెండు పక్షాలూ అసలు సంగతి వదిలేశాయి. అన్నం, నీళ్ళూ అవసరమైనట్టు స్మార్ట్‌ఫోను అవసరం కాదు. అలాగని వదిలేద్దామంటే కుదరదు కూడా. ఎందుకంటే ఎక్కడో ఎవరో కూర్చుని, "జనం దగ్గర స్మార్ట్‌ఫోను ఉంటుందిలే" అనుకుని వ్యవస్థలు తయారు చేసేశారు. ఆ ఎవరో ఎవరు? ఇంకెవరండీ, మనమే! రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లో "యూజరు యాప్ ఓపెన్ చేస్తాడు" అని మొదటి లైను రాసేది మనం. తరవాత క్యాంటీన్లో కూర్చుని "అయ్యో, ఇది లేకుండా బతకలేకపోతున్నాం" అని వాపోయేదీ మనమే.

ముందు మన సంగతే చూద్దాం. పొద్దున్నే వీపీఎన్‌లోకి వెళ్ళాలంటే ఫోన్లో అథెంటికేటర్ తెరిచి ఆరంకెల కోడ్ కొట్టాలి. చాలా చోట్ల ఆ ఫోను కంపెనీది కాదు, మనది. రీఛార్జీ మనదే, పగిలితే బాగు చేయించుకునేదీ మనమే. మరి ఆ ఆరంకెలకి ఫోను నిజంగా కావాలా? 2011లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 6238 చదివినవాళ్ళకి తెలుసు. దానికి కావలసినవి ఒక రహస్య కీ, ఒక గడియారం, అంతే. నెట్టు అక్కర్లేదు, సిమ్ము అక్కర్లేదు. తాళంచెవుల గుత్తికి వేలాడుతూ, అంకెలు మార్చుకుంటూ ఉండే చిన్న టోకెన్ మనలో పాతకాపులకి గుర్తుండే ఉంటుంది. ఛార్జింగ్ గొడవ లేకుండా ఏళ్ళ తరబడి పనిచేసేది. ఇప్పుడు యూఎస్‌బీ కీలు కూడా వచ్చాయి. కాకపోతే టోకెన్ కొనాలంటే కంపెనీకి ఖర్చు, ఉద్యోగి ఫోనైతే ఊరికే వస్తుంది. అంటే "అవసరం" అని మనం పిలుస్తున్నదాంట్లో టెక్నాలజీ ఏమీ లేదు. అది ఎవరి ఖర్చు ఎవరి నెత్తిన వెయ్యాలన్న లెక్క.

మనకేం, ఫోను ఉంది, జీతమూ వస్తోంది. లేనివాళ్ళ సంగతేంటి?

మొన్నామధ్య మా పెద్దమ్మని ఓ పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నేను కారు పార్క్ చేసి వచ్చేసరికి కౌంటర్ దగ్గర సంభాషణ నడుస్తోంది. "ఓపీ టోకెన్ యాప్‌లోనే తీసుకోవాలమ్మా." "నా దగ్గర ఈ బటన్ల ఫోనే ఉంది తల్లీ." "ఐతే మీ పిల్లల్ని ఎవరినైనా రమ్మనండమ్మా." ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఆవిడ ముందున్న సిస్టమ్‌లో టోకెన్ ఇచ్చే బటన్ లేదు మరి. కానీ పొలం లెక్కలు, బ్యాంకు పనులు, కోర్టు వాయిదాలు కూడా ఒంటిచేత్తో చూసుకున్న మనిషి, ఒక్క నంబరు చీటీ కోసం పిల్లల్ని వెతుక్కోవలసి వచ్చింది. సదరు యాప్ రాసిన మహానుభావుడికి ఈ ఒక్క "యూజ్ కేస్" తట్టలేదు. పోగొట్టింది పావుగంట కాలం అనుకుంటే పొరపాటు. ఆవిడ పని ఆవిడ చేసుకోగలిగే స్థితిని పోగొట్టాడు.

ఇది ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 2001లో హైదరాబాదులో ఈసేవ మొదలైంది గుర్తుందా? కరెంటు బిల్లు, నీటి బిల్లు, జనన మరణ ధ్రువపత్రాలు, అన్నీ ఒకే కౌంటర్లో. 2011లో మీసేవ వచ్చింది. కంప్యూటరు, నెట్‌వర్కు, డేటాబేసు అన్నీ కౌంటరుకి అవతల ఉండేవి. ఇవతల నిలబడ్డ మనిషి చేతిలో పాత బిల్లూ, డబ్బులూ ఉంటే చాలు. టెక్నాలజీ భారం దాన్ని నడిపేవాడు మోశాడు, వాడుకునేవాడు కాదు. ఫాస్టాగ్ కూడా అంతే. 2021 ఫిబ్రవరిలో దేశమంతా తప్పనిసరి చేశారు. అద్దం మీద బ్యాటరీ కూడా లేని ఓ స్టిక్కర్ అది. టోల్ గేటు దాటేటప్పుడు డ్రైవర్ ఫోను తియ్యనక్కర్లేదు. డిజిటల్ అంటే యాప్ అని ఎవరు చెప్పారండీ మనకి?

డబ్బు పంపడానికైనా స్మార్ట్‌ఫోను తప్పనిసరి కాదు. మామూలు ఫోన్లో *99# కొట్టి నెట్టు లేకుండా డబ్బు పంపే సౌకర్యం 2014లోనే వచ్చింది, అంటే యూపీఐ కంటే ముందే. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ల ఫోన్ల కోసం యూపీఐ 123పే ప్రారంభించింది. కాల్ చేసి, చెప్పినట్టు అంకెలు నొక్కి డబ్బు పంపొచ్చు. మీలో ఎంతమంది ఇంట్లో పెద్దవాళ్ళకి దీని గురించి చెప్పారు? ఉన్న రెండో తలుపుకి కనీసం బోర్డు కూడా పెట్టకుండా, "అందరూ మొదటి తలుపులోంచే వస్తున్నారు, చూశారా" అంటే ఎలా?

ఇక బలవంతంగా యాప్ పెట్టిన చోట ఏం జరిగిందో చూడండి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని చోట్లా హాజరు యాప్‌లోనే వెయ్యాలన్నారు. రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో తీసి, ఏ చోట తీశారో తెలిసేలా అప్‌లోడ్ చెయ్యాలి. సిగ్నల్ లేకపోయినా, సర్వర్ మొరాయించినా పోయేది ఎండలో మట్టి తవ్విన మనిషి కూలి. ఫోను ఖర్చు కూడా మేట్ల మీదే పడిందన్న ఫిర్యాదులు వచ్చాయి. పోనీ అక్రమాలైనా ఆగాయా? సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని, ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో సాక్షాత్తూ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది. అంటే మోసం చేసేవాడు యాప్‌ని దాటిపోయాడు, పని చేసినవాడు దాని దగ్గర ఆగిపోయాడు.

కోవిడ్ టీకాలప్పుడూ ఇదే కథ. 2021 మే 1న 18-44 ఏళ్ళవాళ్ళకి టీకాలు మొదలుపెట్టి, ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటేనే అన్నారు. మనలో కొందరు స్లాట్లు పట్టుకోవడానికి స్క్రిప్టులు రాసుకున్నాం, గొప్పగా చెప్పుకున్నాం కూడా. స్క్రిప్టు సంగతి అటుంచి, నెట్టే లేని కూలీ ఏ క్యూలో నిలబడాలి? ఆ ప్రశ్న సుప్రీంకోర్టు కూడా వేసింది. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా నమోదుకి అనుమతి ఇచ్చారు. తలుపు తియ్యడం అసాధ్యమేమీ కాదన్నమాట, ముందే తియ్యాలని ఎవరికీ తోచలేదంతే.

"సెక్యూరిటీ కోసమండీ" అనేవాళ్ళకి ఒక మాట. బ్యాంకు, సిమ్ము, ఆధార్ ఓటీపీ, ఆఫీసు లాగిన్, అన్ని తాళాలూ ఒకే గుత్తికి తగిలించి, ఆ గుత్తి జేబులో వేసుకుని సిటీ బస్సెక్కమనడం ఏం సెక్యూరిటీ? ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు నొక్కి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నాం కదా. బటన్ల ఫోను వాడేవాడికి ఆ బెడద లేదు.

"ఇప్పుడు కూరగాయలమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంది కదా" అనేవాళ్ళకి ఇంకో మాట. ఉంది, సంతోషం. ఆ అవ్వ నోట్లు కూడా తీసుకుంటుంది, అది గమనించారా? రెండు దార్లూ తెరిచిపెట్టే తెలివి మన ఆర్కిటెక్టుల కంటే ఆవిడకే ఎక్కువ ఉంది. పైగా ఫోను ఉంటే సరిపోదు, కొత్తది ఉండాలి. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4 ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. నేను దాన్ని తప్పుపట్టను, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే మంచిదే. కానీ ఏదో ఒకరోజు "వాట్సాప్ ఉందిగా, కౌంటరెందుకు" అని ఎవరో ఒక స్లైడ్ చూపిస్తారు చూడండి, భయపడాల్సింది ఆ రోజుకి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేవైసీ కోసం కెమెరా ముందు కళ్ళార్పమంటే, యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవాళ్ళు ఎలా ఆర్పుతారని కొందరు బాధితులు కోర్టుకెళ్ళారు. డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చి, 20 ఆదేశాలు ఇచ్చింది. ఆలోచించండి, "కళ్ళార్పలేని మనిషి వస్తే?" అన్న ప్రశ్న ఏ డిజైన్ రివ్యూలోనో, ఏ టెస్ట్ కేసులోనో రావాల్సింది. దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఇది మన వృత్తికి సిగ్గుచేటు కాదా?

కాబట్టి "ఫోను మానేద్దామా" అని శనాదివారాలు ఉపవాసాలు చేసేవాళ్ళకి ఓ దండం. మీరు మానేస్తే మీ కళ్ళకి మంచిదేమో గానీ, మా పెద్దమ్మకి టోకెన్ రాదు. మనం చెయ్యగలిగింది వేరే ఉంది. సోమవారం రివ్యూలో కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఫోను లేని మనిషి వస్తే ఏం చేస్తాడు?" ఎస్సెమ్మెస్సో, ఫోన్ కాలో, కార్డో, కౌంటరులో మనిషో, ఏదో ఒక జవాబు డాక్యుమెంట్లో రాసేదాకా ఊరుకోకండి. "అలాంటివాళ్ళు రెండు శాతమే" అని మేనేజరు అంటాడు. ఆ రెండు శాతంలో మీ అమ్మగారో నాన్నగారో ఉన్నారేమో ఓసారి ఇంటికి ఫోన్ చేసి కనుక్కోమనండి. ల్యాండ్‌లైన్‌కైనా సరే!