నేనడిగింది సంబంధం కాదు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో స్త్రీల స్వేచ్ఛ గురించి ప్రసంగాలు విని, అక్కా నేనూ అశోక్‌నగర్‌లో వాళ్ళింటికి నడుస్తున్నాం. ఆ ధైర్యంతోనే చెప్పేశాను: "అక్కా, నేను బైసెక్సువల్‌ని. మగవాళ్ళనీ ప్రేమించగలను, ఆడవాళ్ళనీ."

అక్క తిట్టలేదు, ఏడవలేదు. "అమ్మయ్య! మగవాళ్ళు కూడా ఇష్టమేగా! అయితే నారాయణగూడ పిన్ని చెప్పిన సంబంధం చూసేద్దామే" అంది.

ఇది అంగీకారమా? పరువు నిలిపే సగాన్ని ఉంచుకుని, మిగతా సగాన్ని చెరిపేయడం! మగవాణ్ణి ప్రేమించగలగడమంటే, చూపించిన మగవాడికల్లా తల వంచడమా? ఆ మాటకొస్తే, మగవాళ్ళనే ఇష్టపడే మనవాళ్ళలో ఎంతమందికి ఆ ఎంపిక దక్కింది?

పెద్దవాళ్ళ ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. 2023 అక్టోబరు 17న అదే కోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. అంటే, నేను స్త్రీని ప్రేమిస్తే జైలు లేదు, పెళ్ళీ లేదు. మగవాణ్ణి ప్రేమిస్తే సన్నాయి మేళం! చట్టం కూడా అక్కలాగే నన్ను ఒకవైపుకే తోస్తోంది.

బలవంతపు పెళ్ళిళ్ళ గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్న మనం ఈ బలవంతాన్ని కూడా ఆ లెక్కలో రాయాలి. ఇది నవ్వుతూ, ప్రేమగా జరుగుతుంది. అందుకే కనపడదు.

అక్క ఫోన్ చేస్తూనే ఉంది. నా జవాబూ అదే: నేనడిగింది సంబంధం చూడమని కాదక్కా, నా మాట పూర్తిగా వినమని.