వైఫైలో మన వంతు ఎక్కడ?

మా నల్లగొండ వైపు అన్నదమ్ములు వేరుపడితే భూమిని పంచుకుంటారు. బాయిని మాత్రం ముక్కలు చెయ్యలేరు కాబట్టి వంతులు పెట్టుకుంటారు. ఈ రోజు పెద్దాయన మోటరు వేస్తే రేపు చిన్నాయన. వంతు తప్పితే పంచాయితీ పెద్దమనుషుల దాకా పోతుంది. నీళ్ళ దగ్గర ఇంత న్యాయం తెలిసిన మనం, ఇంట్లోకి వైఫై వచ్చాక వంతు అనే మాటే ఎందుకు మరిచిపోయాం?

ఇంటికి ఉండేది ఒకటే కనెక్షన్. దాని మీద ఆయన ల్యాప్‌టాప్, పిల్లవాడి కంప్యూటరు, అమ్మాయి ఫోను, హాల్లో టీవీ. చివరికి ఏమన్నా మిగిలితే అమ్మ ఫోను. పైగా "నీకిప్పుడు ఏం పని దాంతో?" అనే ప్రశ్న ఒక్క అమ్మకే. రాత్రి పదకొండింటికి గేమ్ ఆడుతున్న కొడుకును ఆ మాట ఎవరూ అడగరు.

తప్పు రూటరుది కాదు. బయటి నుంచి వచ్చే ఒక్క కనెక్షన్‌ను అది ఇంట్లోని అన్నిటికీ పంచుతుంది. ఒక్కో యంత్రానికి లోపల ఒక చిరునామా ఇచ్చి, ఎవరు అడిగింది వాళ్ళకు చేరుస్తుంది. దానికి ఆడా మగా తేడా తెలియదు. కానీ ఎవరూ హద్దు పెట్టకపోతే ఎక్కువ లాగేవాళ్ళకే ఎక్కువ పోతుంది. ఒకరు పెద్ద గేమ్ డౌన్‌లోడ్ పెడితే, పక్కగదిలో పాఠం వినేవాళ్ళకు బొమ్మ ఆగి ఆగి వస్తుంది. గోడలు అడ్డం వచ్చేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. ఆ డబ్బా పెట్టేదేమో కొడుకు గదిలో, మన వంటిల్లేమో ఇంటి వెనక!

ఇది మా ఇంటి గొడవే అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళను ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. తెలంగాణలో అవునన్న మగవాళ్ళు నూటికి 57 మంది, ఆడవాళ్ళు 26 మంది.

ఇప్పుడు టీ-ఫైబర్ అంటున్నారు. మిషన్ భగీరథ నీళ్ళ పైపుల వెంబడే ఆ కేబుల్ కూడా వేశారు. 2024 డిసెంబరులో మొదటగా కనెక్షన్లు ఇచ్చిన ఊళ్ళలో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మద్దూరు ఒకటి. మంచిదే, సంతోషమే. కానీ తీగ గడప దాకా వస్తే సరిపోదు. గడప లోపల పంపకం ఎవరు చేస్తారు? బిందెలు మోసిన రోజుల్లో నీళ్ళు తేవడం మన వంతే అన్నారు. నెట్ వచ్చాక మనకు వంతే లేదంటే ఎట్లా?

"ఆడవాళ్ళకు నెట్ ఇస్తే సీరియళ్ళు చూస్తూ కూర్చుంటారు" అనేవాళ్ళున్నారు. చూస్తే చూస్తాం, మగవాళ్ళు క్రికెట్ చూడటం లేదా? అయినా మాట అది కాదు. నేను బి.ఏ. తెలుగు చదివి ఇరవై ఏళ్ళు దాటింది. ఎం.ఏ. చెయ్యాలని ఉంది. ఇల్లు వదిలి వెళ్ళలేనివాళ్ళు కూడా చదువుకోవాలనే కదా 1982లో మన దగ్గర సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టింది! అంట్లు తోమి, పొద్దుపోయాక పాఠం తెరిస్తే అది తిరుగుతూనే ఉంటే, నా చదువు ఆపుతున్నది ఎవరు?

అందుకే గట్టిగా అడుగుదాం. డబ్బా ఇంటి నడుమ పెట్టించండి. వైఫై పాస్‌వర్డే కాదు, రూటరు సెట్టింగుల పాస్‌వర్డు కూడా మీ దగ్గర ఉంచుకోండి. ఏ ఫోనుకు ముందు ఇవ్వాలో చాలా రూటర్లలో మనమే పెట్టుకోవచ్చు. వంటింట్లో సిగ్నల్ అందకపోతే మీ ఫోనును 2.4 గిగాహెర్ట్జ్‌కు కలపండి, 5 కంటే అది గోడలను బాగా దాటుతుంది. పెద్ద డౌన్‌లోడ్లన్నీ అందరూ పడుకున్నాక పెట్టుకోమనండి. అమ్మ గంట ఇది అని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

బతిమాలకండి. బిల్లు ఇంటి డబ్బుతోనే కడుతున్నాం, ఆ ఇంటిని నడిపేది మనం. బాయిలో పాలు ఉన్నవాళ్ళు నీళ్ళు అడుక్కోరు, వంతు అడుగుతారు.