తోటపని శిక్ష కాదు, చదువే!

మన హాస్టల్ వెనుక జాగలో సర్కారు తుమ్మ పెరుగుతోంది. స్నానాల నీళ్లు అక్కడే నిలిచి దోమలు పుడుతున్నాయి. ఆ జాగను తరగతికొక మడిగా పంచితే మంచి తరగతి గది అవుతుందని నా అభిప్రాయం.

"సదువుకోనీకి పంపితే మట్టి పని చేయిస్తరా?" అని తండాలో మన యాడి, బాపు అడుగుతరు. అందులో న్యాయం ఉంది. వాళ్లు చెరకు కొట్టనీకి వలస పోయేది మనకు ఆ కష్టం రావొద్దనే. ఎందుకో చెప్పకుండా గడ్డి పీకిస్తే అది కూలి పనే. నేను ఇంతకుముందు చదివిన బడిలో ఆలస్యంగా వచ్చినోళ్లతో గడ్డి పీకించేవారు. మొక్కను చూస్తే శిక్షే యాదికొచ్చేది.

పాఠమైతే వేరు. కంది మొక్కను మెల్లగా తవ్వి తీస్తే వేళ్లకు చిన్న బుడిపెలు కనబడతాయి. వాటిలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పప్పుజాతి పంట తీసిన చేన్లో జొన్న బాగొస్తదని మన అవ్వలకు తెలుసు. ఎందుకో సైన్సు పుస్తకం చెబుతుంది. ఆ రెండూ కలిసేది మడిలోనే. ఇరవై గింజలకు పదిహేడు మొలిస్తే ఎంత శాతం? లెక్క కూడా అక్కడే ఉంది.

ఇది కొత్త మాట కాదు. చేతిపనితోనే చదువు చెప్పాలని 1937లో వార్ధా సభలో గాంధీజీ అన్నారు. మన జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరులో డి.డి.ఎస్. సంస్థ 1993లో పచ్చసాలె పెట్టింది. అక్కడ మామూలు పాఠాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుండలు చేయడం నేర్పారు.

నీళ్లెక్కడివి అంటారా? మనిషికి 15 లీటర్ల బకెట్ చొప్పున వంద మంది స్నానం చేస్తే రోజుకు 1500 లీటర్లు. సబ్బు నీళ్లు అరటికి, బొప్పాయికి పెడదాం. ఆకుకూరలకు మాత్రం మంచినీళ్లే పోద్దాం.

మూడు షరతులు ఉండాలె. తోటపని ఎవరికీ శిక్షగా వేయొద్దు. వారానికి రెండు గంటలు దాటొద్దు, పరీక్షలప్పుడు అసలే వద్దు. కోసిన కూర రిజిస్టర్లో రాసి మన పప్పులోనే వేయాలె.

వార్డెన్ సార్లూ, ముందు ఒక్క మడికే అనుమతి ఇవ్వండి. గింజలు మేము ఇండ్ల నుండి తెస్తాం. వానకాలం దాటకముందే వేద్దాం.

— ఎనిమిదవ తరగతి విద్యార్థి