రాకడకి తేదీ దేనికి?

"రాకడ సమీపించింది" అన్న మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడేమో. గోడల మీద, ఆటోల వెనక, కూటాల్లో, ఇప్పుడు వాట్సాప్‌లో కూడా అదే. ఆ మాట నేనూ నమ్ముతాను. నా పేచీ అల్లా దాని పక్కన తేదీ, లెక్క, భయం చేర్చేవాళ్లతోనే.

ఆ దినం తండ్రికి తప్ప దూతలకి కూడా తెలియదని ప్రభువే చెప్పాక ఇంకా లెక్కలెందుకు? అయినా మానరు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని నమ్మారు. కొందరైతే పంట కూడా కోయకుండా కూర్చున్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే ఆయన 2011 మే 21 అన్నాడు. అది దాటిపోయాక అక్టోబర్ 21 అన్నాడు. అన్నీ మామూలుగానే తెల్లారాయి.

"తేదీ చెప్తేనే కదా జనం మారేది" అంటారు. నిజమే, మారతారు... ఆ తేదీ దాకా! భయంతో వచ్చినవాడు భయం తీరగానే వెళ్లిపోతాడు. పోతూ పోతూ, తప్పింది ఆ బోధకుడి లెక్క అనుకోడు, దేవుడి మాటే అబద్ధం అనుకుంటాడు. అసలు నష్టం అదీ.

మా కోనరావుపేట దిక్కు ఎదురుచూడటం ఎట్లాగో ఎవరూ నేర్పక్కర్లేదు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల గల్ఫ్‌కి మనిషిని పంపని ఊరు అరుదు. భర్త దుబాయిలో ఉన్న ఆమె రోజూ బస్టాండులో నిలబడి రోడ్డు వైపు చూడదు. పొలం చూసుకుంటుంది, బీడీలు చుడుతుంది, అప్పుకి మిత్తి కడుతుంది, పిల్లల్ని బడికి పంపుతుంది. సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఆయనకే తెలియదు. అయినా ఆమె చేసే ప్రతి పనిలోనూ ఆయన వస్తాడన్న నమ్మకం ఉంది. ఎదురుచూడటం అంటే నా దృష్టిలో ఇదే.

పౌలు కాలంలోనే థెస్సలొనీక సంఘంలో కొందరు పనీపాటా మాని తిరిగారు. పౌలు వాళ్లని భక్తులని మెచ్చుకోలేదు, పని చేసుకుని తినమన్నాడు. ఆయన కూడా డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పినవాడే.

మన దగ్గర దీనికి పెద్ద సాక్ష్యం మెదక్ చర్చి. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో ఆ కట్టడం మొదలుపెట్టి, పనికి వచ్చినవాళ్లకి తిండిగింజలు ఇచ్చాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ప్రభువు ఎప్పుడైనా రావచ్చని నమ్మే మనుషులే పదేళ్లు ఓపికపట్టి, వందేళ్లు దాటినా నిలిచే గుడి కట్టారు! ఇందులో నాకు వైరుధ్యం కనబడదు. యజమాని తిరిగొచ్చేసరికి ఇంటివాళ్లకి వేళకి అన్నం పెడుతూ కనబడిన దాసుడే ధన్యుడని యేసు చెప్పిన ఉపమానం ఇదే కదా.

ఆ చర్చిలో బలిపీఠం వైపు 1927లో పెట్టిన రంగు అద్దాల కిటికీ ఉంది. అందులో బొమ్మ ప్రభువు ఆరోహణం. ఆ రోజు పైకి చూస్తూ నిలబడిపోయిన శిష్యులని, ఇలా నిలబడ్డారేమని ఇద్దరు అడిగారు. ఆయన మళ్లీ వస్తాడనీ చెప్పారు. శిష్యులు యెరూషలేముకి తిరిగి వెళ్లి ప్రార్థనలో నిలిచారు. పక్కన కూర్చుని తేదీ లెక్కలు కట్టలేదు.

"రెండు వేల ఏళ్లయింది, ఇంకెప్పుడు?" అని అడిగితే నా దగ్గర లెక్క లేదు. ఆలస్యం బరువైనదే, కాదనను. కానీ విశ్వాసం గట్టిదా కాదా అన్నది తేలేది ఆ బరువు కిందే. ఆయన ఈ రాత్రి వచ్చినా, నా మనవల కాలంలో వచ్చినా, ఈ రోజు నేను చేయాల్సిన పని మారదు: ప్రార్థన, నిజాయితీగా ఉద్యోగం, ఆకలన్నవాడికి అన్నం.

ఈసారి ఎవరైనా తేదీ చెప్తే వాదించకండి. ఒక్కటే అడగండి: "ఆ మర్నాడు ఈ సంఘానికి జవాబు చెప్పడానికి మీరుంటారా?"