పోటీ మానండి, పుస్తకం తెరవండి

అనంతపురంలో ఒక రచయిత కన్నుమూస్తే, సంస్మరణ సభ ముగిసేలోపే ఎవరో ఒకరు మైకు అందుకుని ఆయన పేరిట ఏటా కవితల పోటీ పెడదామంటారు. చప్పట్లు మోగుతాయి. ఇంతకన్నా మంచి నివాళి ఉండదని అందరి నమ్మకం. కుటుంబం కొంత సొమ్ము ఇస్తుంది, సాహిత్య సంస్థ ప్రకటన విడుదల చేస్తుంది. వచన కవితలు మాత్రమే పంపాలి, ముప్పై పంక్తులు మించరాదు, ఎక్కడా అచ్చయి ఉండరాదు, సొంత రచనేనని హామీపత్రం జతచేయాలి, న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. తర్వాత శాలువా, మెమెంటో, ఫొటో. ఇంతలో పోయినాయన పుస్తకాన్ని తెరిచిన వాళ్లెవరు? పోటీకి రాసినవాళ్లకు ఆ అవసరం లేదు. బహుమతి ఇచ్చినవాళ్లు కూడా అడగరు. రచయితను తలుచుకోవడానికి పెట్టిన పోటీలో రచయితను చదవడమే నిబంధన కాకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నిబంధనల సంగతి తేల్చడానికి విద్వాన్ విశ్వం ఒక్కరు చాలు. 1915లో తరిమెలలో పుట్టారు. ఆంధ్రప్రభ వారపత్రికను ఏళ్ల తరబడి నడిపారు, ‘మాణిక్యవీణ’ శీర్షిక రాశారు, సంస్కృత కావ్యాలను తెలుగు వచనంలోకి తెచ్చారు. ఇన్ని చేసినా సీమ ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ‘పెన్నేటి పాట’తోనే. నీళ్లు లేని పెన్న ఒడ్డున బతుకీడ్చే రంగడు, గంగమ్మల కథ అది. ఆ కావ్యాన్నే ఇవాళ మన స్మారక పోటీకి పంపితే మొదటి వడపోతలోనే బుట్టదాఖలవుతుంది. పంక్తులు మించాయి. పద్యం, గేయం కలగలిశాయి, ‘వచన కవితలు మాత్రమే’ అన్నాం కదా. పైగా అది ఒక భావం చుట్టూ తిరిగే ముక్క కాదు, కథ. విశ్వం పేరుతో పోటీ పెట్టి విశ్వం లాంటి వాడు రాకుండా తలుపు వేసుకోవడమంటే ఇదే.

వచన కవి కుందుర్తి విషయంలోనూ ఇదే చిక్కు. హైదరాబాదులో ఏజీ ఆఫీసు ఉద్యోగుల రంజని సంస్థ ఆయన పేరుతో వచన కవితల పోటీ నడిపింది. దాంతో ఎందరో కవులు వెలుగులోకి వచ్చారు, కాదనను. కానీ కుందుర్తి పట్టుబట్టి అడిగింది ఏమిటి? వచన కవితలో కథాకావ్యాలు రావాలని. తాను ‘తెలంగాణ’ రాసి చూపించారు కూడా. ఆయన పేరు చెప్పి మనం పెంచి పోషించినది మాత్రం పేజీ దాటని కవిత. పేజీ దాటకపోతే న్యాయనిర్ణేతకు చదవడం తేలిక, పత్రికకు అచ్చు వేయడం తేలిక, సభలో వినిపించడం తేలిక. ఈ మూడు తేలికలూ కలిసి మన కవిత్వం పొడవు నిర్ణయించాయి.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. మన ప్రాంతంలో పోటీ అనగానే ‘కరువు’ అంశం సిద్ధం. అంశం చెప్పకపోయినా అందరూ కరువే రాస్తారు, బహుమతి దేనికి వస్తుందో తెలుసు గనుక. కట్ట విప్పండి: నెర్రెలిచ్చిన నేల, ఆకాశం వైపు చూసే రైతు, ఎండిన పెన్న, చివర్లో ఉరితాడు. ఏ కవిత ఏ ఊరిదో పోల్చుకోలేం. మరాఠ్వాడా నుంచి తెలుగులోకి వచ్చిందన్నా నమ్ముతాం.

అనంతపురం కరువుకు మాత్రం తనదైన నడక ఉంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అది మొత్తం పడినా, శనక్కాయ ఊడలు దిగే వేళ మూడు వారాలు మొహం చాటేస్తే పంట పోయినట్టే. లెక్కల్లో సాధారణ వర్షపాతం, చేలో ఉత్త కట్టె. బోరు మీద బోరు వేసి, రిగ్గు బాకీ తీర్చలేక, కన్నబిడ్డల్లా పెంచిన చీనీ చెట్లను తానే కొట్టేయించుకున్న రైతు మన పక్క ఊళ్లోనే ఉంటాడు. కొన్నాళ్లు ట్యాంకరు నీళ్లు కొని పోసి మరీ ఓడిపోయినవాడు. పంటల బీమా జాబితాలో పేరు లేదని వ్యవసాయాఫీసు చుట్టూ తిరిగేవాడు, సుగ్గికి వలస పోయి తాళం వేసిన ఇల్లు, మనవడిని పట్టుకుని కూర్చున్న అవ్వ, జీడిపల్లి దాకా కృష్ణా నీళ్లొచ్చినా తన కయ్యకు రాని మనిషి: వీళ్లంతా పోటీ కవితలోకి ఎందుకు రారు? వాళ్లను చెప్పాలంటే ముప్పై పంక్తులు చాలవు, వివరం కావాలి. ఉరితాడు ఒక్క పంక్తిలో ఇమిడిపోతుంది. జడ్జి కళ్లు చెమ్మగిల్లుతాయి. బహుమతి ఖాయం.

పోటీల పక్షాన నిలబడేవాళ్లకు బలమైన మాట ఒకటుంది, దాన్ని పక్కకు నెట్టను. పల్లెలో రాసుకునే కుర్రాడికి, పత్రికల్లో పరిచయాలు లేని టీచరమ్మకు పోటీయే మొదటి మెట్టు అంటారు. నిజమే. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ని కూడా చూపిస్తారు. 2017లో తానా నవలల పోటీలో బహుమతి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. అనంతపురం గడ్డ మీద ఇంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు. కానీ ఆ సాక్ష్యం ఎవరి వైపు చెబుతోంది? అది నవల. హండే పాలకుల నాటి సీమను తవ్వి తీయడానికి రచయితకు కావలసినంత చోటు దొరికింది. కరువు మీద కన్నీటి ముక్క రాయమని ఎవరూ అడగలేదు. పోటీ పెద్ద పనిని కోరింది, పెద్ద పని వచ్చింది. మన కవితల పోటీలు చిన్న పనిని కోరి, చిన్న పనే వస్తోందని మళ్లీ వేదిక మీద వాపోతాయి.

అచ్చయిన సంపుటాలకు ఇచ్చే అవార్డులను ఈ గాటన కట్టలేం. మన అనంతపురం నుంచే కవి రాధేయ 1988 నుంచి నడుపుతున్న ఉమ్మడిశెట్టి అవార్డు వచన కవితా సంపుటాలకు ఇచ్చేది. అక్కడ ఒక కవి కొన్నేళ్ల పని మొత్తం బల్ల మీదికొస్తుంది, ఎవరో ఒకరు దాన్ని మొదటి పుట నుంచి చివరిదాకా చదవక తప్పదు. తగాదాలు అక్కడా ఉంటాయి, ఉండనీ.

ఇక నివాళి మాట. వానలు మొహం చాటేస్తే తిక్కన రాసిన విరాటపర్వం చదివించిన ఊళ్లు మనవి. గుడి ముందో రచ్చబండ దగ్గరో కూర్చుని, ఒకరు పద్యం చదువుతుంటే మరొకరు అర్థం చెబుతుంటే, అక్షరం రాని రైతు రాత్రంతా తిక్కనను విన్నాడు. వాన పడిందా లేదా అన్నది వేరే సంగతి. తిక్కన మాత్రం ఏడు వందల ఏళ్లు బతికాడు. ఎవరూ ‘తిక్కన స్మారక పద్య పోటీ’ పెట్టలేదు మరి. చదివేవాళ్లు లేరు, సభలకు జనం రారు అంటూ పోటీలను సమర్థించేవారు ఈ ఒక్క సంగతి మరిచిపోతారు. ఇప్పుడు సభకు వచ్చేది సగం బహుమతి గ్రహీతల బంధువులే.

కాబట్టి బహుమతి సొమ్ము దగ్గరున్న పెద్దలకు నా సూచనలు మొరటైనవే. విశ్వం పేరుతో అయితే ఆయన ఊరున్న శింగనమల మండలంలోని హైస్కూళ్లకు ‘పెన్నేటి పాట’ ప్రతులు కొనివ్వండి. గొంతెత్తి చదివిన పిల్లలకు, అందులోని ఒక మాట తమ అవ్వ ఇప్పటికీ వాడుతుందని పట్టుకున్న పిల్లలకు బహుమతి ఇవ్వండి. కథకుడు సింగమనేని నారాయణ పేరుతో అయితే ఆయన కథ ఒకటి ఎంచుకుని, ఏ ఊరి రైతు గురించి రాశారో అలాంటి ఊళ్లోనే చదివి, విన్న రైతులను మాట్లాడనివ్వండి. తప్పు రాశాడని వాళ్లంటే అదీ రాసుకోండి. పోటీ మానలేమంటారా, పంక్తుల లెక్క తీసేయండి, గడువు రెండేళ్లు పెట్టండి, పద్యానికీ గేయానికీ తలుపు తెరవండి. పోయినాయన పుస్తకం చదివి దానితో తగువు పెట్టుకున్న రచనకే మొదటి స్థానం అని ముందే ప్రకటించండి. తగినది రాకపోతే ఆ ఏడాది ఎవరికీ ఇవ్వకండి. శాలువా ఖర్చు మిగులుతుంది, దాంతో ఇంకో వంద ప్రతులు వస్తాయి.